పాత చైన్‌సాని విప్పి బాగుచేయడమా, కొత్తది కొనడమా: ఉద్దానం తోట నుంచి ప్రాజెక్టు డైరీ

మెషిన్ ఏది, జబ్బు ఏమిటి

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. పడిపోయిన కొబ్బరి, జీడి, పనస చెట్లు తీయడానికి ఆ తర్వాత ఉద్దానంలో ఊరూరా చైన్‌సాలు కొన్నారు, మాదీ అప్పటిదే. పేరున్న కంపెనీది, 45.4 సీసీ, బోరు (సిలిండర్ లోపలి వ్యాసం) 42.5 మిల్లీమీటర్లు, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 32, పదహారు అంగుళాల బార్ (చైన్ తిరిగే పొడవాటి పట్టీ). తుపాను చెట్లు అయిపోయాక కూడా జీడి కొమ్మలకీ సరుగుడుకీ వాడుతూనే ఉన్నాం.

ఇప్పటి పరిస్థితి ఇది. చల్లగా ఉంటే స్టార్టవుతుంది. వేడెక్కాక ఆపితే మళ్లీ అందుకోదు. స్లోలో వదిలేస్తే దానంతటదే రేస్ అందుకుంటుంది, దుంగలో కాస్త లోడు పడగానే చచ్చిపోతుంది. కాశీబుగ్గలో చూపిస్తే మెకానిక్ స్టార్టర్ తాడు లాగి చూసి, "కంప్రెషన్ పోయింది బాబూ, సిలిండర్ కిట్టు మొత్తం మార్చాలి, అంత పెట్టేకన్నా కొత్తది తీసుకోండి" అన్నారు. కంప్రెషన్ అంటే సిలిండర్‌లో పిస్టన్ గాలిని నొక్కే బలం, కిట్టు అంటే సిలిండర్, పిస్టన్ కలిపిన సెట్టు. కిట్టుకీ కూలికీ కలిపి ₹11,800 చెప్పారు.

ఆ మాట నిజమో కాదో కొలిచి తేల్చుకోవడానికే ఈ పని. 40-50 సీసీ మెషిన్ మూలన పెట్టుకున్నవాళ్లు ఇదే వరసలో చేసుకోవచ్చు. ఒక్క షరతు: చైన్ బ్రేకు లేని మెషిన్ అయితే, లేదా బ్రేకు పట్టక దానికి పార్టు కూడా దొరక్కపోతే ఇంజిన్ ఎంత బాగున్నా దాని మీద డబ్బు పెట్టొద్దు. మాది పట్టింది, అందుకే ముందుకెళ్లాను.

దశ 1: విప్పకముందు కొలతలు

1. కొత్త స్పార్క్ ప్లగ్, గ్యాప్ 0.5 మిల్లీమీటర్లు. లక్షణాలు మారలేదు.
2. సైలెన్సర్ రెండు నట్లు తీసి, ఎగ్జాస్ట్ రంధ్రంలోంచి టార్చి వేసి పిస్టన్ చూశాను. నిలువు గీతలు ఉన్నాయి.
3. కంప్రెషన్ గేజ్ పెట్టి, త్రాటిల్ పూర్తిగా నొక్కి పట్టి, ముల్లు ఇక పెరగదన్నంత వరకు తాడు లాగాను. 95 పీఎస్ఐ (ఒత్తిడి కొలత).
4. ప్లగ్ రంధ్రంలో అర చెంచా 2టీ ఆయిల్ (పెట్రోలులో కలిపే ఇంజిన్ ఆయిల్) పోసి మళ్లీ లాగితే 125.

గేజ్ కొనేవాళ్లు ఒకటి చూసుకోవాలి. దాని వాల్వు ప్లగ్ రంధ్రంలోకి మరబిగించే కొసలోనే ఉండాలి. కార్ల గేజ్‌లో వాల్వు పైపుకి అవతలి చివర ఉంటే, ఇంత చిన్న సిలిండర్‌కి ఆ పైపులోని ఖాళీ కూడా కలిసి రీడింగు బాగా తక్కువ వస్తుంది. అది చూసి బాగున్న ఇంజిన్ కూడా పోయిందనుకుంటారు.

ఈ సైజు ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు 130 దాటితే ఆరోగ్యంగా ఉన్నట్టు, వంద లోపుకి వస్తే వేడి మీద స్టార్ట్ అవ్వడం కష్టం. ఆయిల్ పోయగానే 30 పెరిగిందంటే గాలి పిస్టన్ రింగుల పక్కనుంచే జారుతోంది. ఇంతవరకు మెకానిక్ మాట సరే. ఇక్కడే ఆగి కిట్టు ఆర్డరు పెట్టేవాళ్లే ఎక్కువ. కానీ పిస్టన్ మీద గీతలు ఎందుకు పడ్డాయో తేలకుండా కొత్త పిస్టన్ వేస్తే, పాతదాన్ని తినేసిన కారణమే దాన్నీ తినేస్తుంది.

విడిభాగాల ఖర్చు: ప్లగ్ ₹160.
పనిముట్లు (వేరే లెక్క): కంప్రెషన్ గేజ్ ₹850, టీ27 స్టార్ కీ ₹180, ఫీలర్ గేజ్ (సందులు కొలిచే రేకులు) ₹150. మొత్తం ₹1,180.

దశ 2: గాలి ఎక్కడ పీలుస్తోంది

గీతలు ఏ వైపు ఉన్నాయన్నది చాలా చెబుతుంది. ఇన్‌టేక్ వైపు ఉంటే ఎయిర్ ఫిల్టర్ దాటి దుమ్ము వెళ్లిందని మొదటి అనుమానం. చుట్టూ అన్ని వైపులా ఉంటే ఆయిల్ కలపని పెట్రోలు పోశారని. మాది ఎగ్జాస్ట్ వైపు మాత్రమే, అంటే వేడి. ఇంజిన్‌లోకి వెళ్లే పెట్రోలు-గాలి మిక్చర్‌లో పెట్రోలు తగ్గి గాలి ఎక్కువైతే ఇంజిన్ కాలిపోయినంత వేడెక్కుతుంది. పెట్రోలుతో పాటు ఆయిల్ కూడా తగ్గుతుంది కాబట్టి దెబ్బ రెండింతలు. స్లోలో తనంతట తాను రేస్ అవ్వడం కూడా దొంగగాలి (ఎక్కడో లీకులోంచి దూరే గాలి) లక్షణమే.

దీనికి ప్రెషర్ టెస్టూ వాక్యూమ్ టెస్టూ రెండూ చేయాలి. రెండో దాన్ని చాలామంది వదిలేస్తారు.

1. ఎగ్జాస్ట్ రంధ్రానికి రబ్బరు ముక్క అడ్డం పెట్టి దాని మీద సైలెన్సర్ బిగించాలి.
2. కార్బొరేటర్ తీసి ఇన్‌టేక్ వైపు కూడా అలాగే మూయాలి.
3. ఇంపల్స్ పైపులోంచి (క్రాంకు గది నుంచి కార్బొరేటర్‌కి వెళ్లే సన్న పైపు) గాలి కొట్టాలి. దీనికి డయల్ రకం బీపీ మెషిన్ బల్బూ గేజూ చక్కగా సరిపోయాయి. అందులో 300 అంటే 0.4 బార్ (ఇక్కడ బార్ అంటే ఒత్తిడి కొలత), ఈ పనికి చాలు.
4. అతుకులన్నిటి మీదా సబ్బు నీళ్లు.

మొదటిసారి ముల్లు నిలబడలేదు, బుడగలు ఎగ్జాస్ట్ దగ్గరే వచ్చాయి. సైకిల్ ట్యూబు ముక్క పలచన, సైలెన్సర్ అంచు దాన్ని సమంగా నొక్కడం లేదు. లారీ ట్యూబు ముక్క వేసి, దాని మీద చదునైన ఇనప రేకు పెట్టి బిగిస్తే ఆ లీకు ఆగింది. అప్పుడు 300 నుంచి ఇరవై సెకన్లలో 270 వరకే దిగింది. బుడగలు ఎక్కడా స్పష్టంగా లేవు.

ప్రెషర్ ఒక్కటే చూస్తే దాదాపు పాస్ అనుకోవాలి. కార్ మెకానిక్ దగ్గర బ్రేకు బ్లీడింగుకి వాడే చేతి వాక్యూమ్ పంపు అడిగి తెచ్చి 0.5 బార్ వాక్యూమ్ లాగాను. ఇరవై సెకన్లలో 0.15కి పడిపోయింది. 0.3 కంటే పైన నిలవాలి. ఫ్లైవీల్ తీసి అటువైపు ఆయిల్ సీల్ పెదవి మీద ఒక చుక్క ఆయిల్ వేస్తే అది కళ్లముందే లోపలికి పోయింది. లోపల నుంచి గాలి తోస్తే సీల్ పెదవి షాఫ్టుకి ఇంకా గట్టిగా అతుక్కుంటుంది, లాగితే విడిపోతుంది. అందుకే వాక్యూమ్ లేకుండా సీల్ బాగుందని చెప్పలేం.

ఇంకో కారణం పెట్రోలు. కొన్నప్పుడు కార్బొరేటర్ సెట్టింగు అప్పటి పెట్రోలుకి చేసింది. ఇప్పుడు బంకులో వచ్చేది ఇ20, అంటే ఇరవై శాతం ఇథనాల్. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి అదే స్క్రూ సెట్టింగు మీద మిక్చర్ ఇంకాస్త పలచబడుతుంది. సీల్ లీకు దానికి తోడైంది. పైగా ఇథనాల్ తేమ పీలుస్తుంది, మా సముద్రపు గాలిలో నెలల తరబడి ట్యాంకులో మిగిలిన పెట్రోలు కార్బొరేటర్ డయాఫ్రమ్‌ని (లోపలుండే మెత్తటి పలచటి పొర) అట్టముక్కలా బిరుసు చేసేసింది.

పనిముట్లు: బీపీ బల్బు, గేజ్ ₹350. మొత్తం ₹1,530.

దశ 3: లెక్క

విప్పేముందే హద్దు గీసుకోవాలి. సగం ఖర్చు పెట్టాక గీసే హద్దు ఎప్పుడూ జరుగుతూనే ఉంటుంది.

ఇదే తరగతి కొత్త మెషిన్‌కి నాకు చెప్పిన ధర ₹34,500. పాతది ఉన్నదున్నట్టు అమ్మితే ₹2,500 ఇస్తామన్నారు. కొత్తదానితో వచ్చే బార్, చైన్ విలువ ₹3,200 అనుకుంటే, కొత్తది కొనడానికి నిజంగా అయ్యేది ₹28,800. అందులో నలభై శాతం నా హద్దు: ₹11,520. సగం వరకు వెళ్లొచ్చని చాలామంది అంటారు. నేను తగ్గించుకున్నాను, ఎందుకంటే ఇంజిన్ కొత్తదైనా పక్కనున్న ప్లాస్టిక్కూ, ఆయిల్ పంపూ, ప్లగ్‌కి కరెంటిచ్చే కాయిలూ పాతవే.

ఈ లెక్కన షాపు చెప్పిన ₹11,800 హద్దు దాటింది. కూలి ఇచ్చి చేయించేవాళ్లకి కొత్తది కొనమన్న సలహా సరైనదే, ఆ మెకానిక్ తప్పేం చెప్పలేదు. సొంతంగా చేసుకునేవాళ్లకి లెక్క మారుతుంది.

మూడో దారి కూడా చూశాను. ₹7,200కి 58 సీసీ మెషిన్లు బజార్లో ఉన్నాయి, విడిభాగాలు చవక, ప్రతి ఊళ్లో దొరుకుతాయి. ఏడాదికి నాలుగు కొమ్మలు కోసేవాళ్లకి చాలు. మాకు రోజంతా పట్టుకుని పనిచేసే మనిషి ఉన్నాడు. నేను పట్టుకుని చూసిన ఆ రకం మెషిన్ బరువు, చేతికి వచ్చే వణుకు ఎక్కువ. తోటలో కోత పని చూసే అన్నకి ఇస్తే ఒక దుంగ కోసి, "సాయంత్రానికి వేళ్లు మొద్దుబారిపోతాయి" అన్నాడు. అతని చేతులకంటే ఆ తేడా డబ్బు పెద్దది కాదు.

హద్దుతో పాటు మూడు ఆపుడు నిబంధనలు రాసుకున్నాను. సిలిండర్ పూత లేచిపోతే ఆపాలి. కనెక్టింగ్ రాడ్‌ని నిలువుగా పైకీ కిందికీ లాగితే ఆట ఉంటే ఆపాలి. ఇంజిన్ కేసు పగిలి ఉంటే ఆపాలి.

దశ 4: సిలిండర్ విప్పాక

క్లచ్ ఎడమ మర, గడియారం తిరిగే దిశలో తిప్పితే విడుతుంది. పిస్టన్ కదలకుండా ప్లగ్ రంధ్రంలోంచి నైలాన్ తాడు కూర్చాను. ఇనప స్టాపర్లు పిస్టన్ తలకి గుంత చేస్తాయి, తాడు చేయదు.

ఈ ఇంజిన్ రెండు చిప్పల రకం. పైన సిలిండర్, కింద పాన్, మధ్యలో క్రాంకు, బేరింగులు, సీళ్లు. నాలుగు బోల్టులు తీస్తే మొత్తం విడిపోతుంది, కాబట్టి సీల్ మార్చాలన్నా ఇంజిన్ విప్పాల్సిందే. షాపుల్లో కూలి పెరిగేది ఇక్కడే.

రాడ్‌కి నిలువు ఆట లేదు, పక్కలకి కొద్దిగా కదులుతుంది, అది ఉండాల్సిందే. కేసు బాగుంది. పాత రింగుని సిలిండర్‌లో పెట్టి, పిస్టన్‌తో సమంగా తోసి, గ్యాప్ కొలిస్తే 0.62 మిల్లీమీటర్లు. ఈ బోరుకి కొత్త రింగు దాదాపు 0.2 ఉండాలి. సిలిండర్‌లో ఎగ్జాస్ట్ వైపు బూడిద రంగు చారలు. చూడగానే బోరు పోయిందనిపిస్తుంది. కానీ అందులో ఎక్కువ భాగం పిస్టన్ నుంచి కరిగి అంటుకున్న అల్యూమినియమే.

బాత్‌రూములు కడిగే హైడ్రోక్లోరిక్ యాసిడ్ అల్యూమినియాన్ని తింటుంది, సిలిండర్ లోపలి గట్టి నికెల్ పూతని పెద్దగా తినదు (క్రోమ్ పూతనైతే తింటుంది). అదే యాసిడ్ పోర్టుల (సిలిండర్ గోడలోని రంధ్రాల) అంచుల్లో బయటికి కనిపించే అల్యూమినియాన్ని కూడా తినేస్తుంది, కాబట్టి పోయకూడదు, అద్దాలి.

1. ఆరుబయట, గ్లోవ్స్, కళ్లద్దాలతో.
2. దూదిపుల్లతో చారల మీద మాత్రమే. బుడగలు వస్తుంటే అల్యూమినియం ఇంకా ఉన్నట్టు.
3. తుడిచి మళ్లీ అద్దాలి, బుడగలు ఆగేదాకా.
4. వంటసోడా నీళ్లతో కడిగి, మంచినీళ్లతో కడిగి, వెంటనే ఆరబెట్టి ఆయిల్ పూయాలి.
5. గిన్నెలు తోమే పచ్చ స్క్రబ్బరుతో అడ్డంగా, తేలిగ్గా రుద్దాలి.

చారలు పోయాయి. రెండు సన్నటి గీతల గుర్తులు కంటికి కనిపిస్తున్నాయి, గోరుకి తగలడం లేదు. గోరుకి తగిలితే ఆపుడు నిబంధన పడేది. సిలిండర్ ఉంటుంది, పిస్టన్ చాలు.

విడిభాగాలు: యాసిడ్, స్క్రబ్బరు, టంకం తీగ ₹120. మొత్తం ₹280.

దశ 5: పిస్టన్

ముందు ₹480కి బజారు పిస్టన్ తెప్పించాను. బయటికి తళతళలాడుతోంది. కొలిస్తే మూడు లోపాలు. రింగు గ్యాప్ 0.05, వేడికి వ్యాకోచిస్తే రెండు కొసలూ తన్నుకుంటాయి. పిన్ను లాక్ కూర్చునే గాడి ఒకవైపు లోతు తక్కువ, లాక్ పూర్తిగా దిగకుండా గోరుతో కదిలిపోతోంది. రింగు తిరగకుండా ఆపే చిన్న మేకు కొద్దిగా బయటికి తేలింది. గ్యాప్‌ని సన్న ఆకురాయితో సరిచేయొచ్చు. లాక్ గాడికి మాత్రం మందు లేదు. నడుస్తుండగా లాక్ ఊడితే బోరు చీలుతుంది, బాగుచేసిన సిలిండర్ కూడా పోతుంది. పక్కన పెట్టేశాను. ఆ ₹480 కూడా లెక్కలోనే ఉంది.

తర్వాత కంపెనీ పిస్టన్ సెట్టు, రింగులు, పిన్ను, లాకులతో ₹2,350. రింగు గ్యాప్ 0.22. దాంతో పిన్ను సూది బేరింగు ₹210.

చవక పార్టులన్నీ చెడ్డవని నేననను. పైపులు, ఫిల్టర్లు, రబ్బర్లు బజారువి వేసినా నడుస్తాయి. పిస్టన్, లాకులు, సీళ్లు ఈ మూడింటి దగ్గర మాత్రం బేరం వద్దు.

విడిభాగాల మొత్తం: ₹3,320.

దశ 6: బిగింపు

ఇంజిన్ ఎలాగూ విడిపోయింది కాబట్టి క్రాంకు బేరింగులు బాగానే తిరుగుతున్నా మార్చేశాను, వాటికోసమే మళ్లీ విప్పడం అయ్యే పని కాదు. పాతవి తీసి కొత్తవి నొక్కడం లేత్ షాపులో. సీల్ ఎక్కించేటప్పుడు షాఫ్టు మరల మీద పలచటి టేపు చుట్టి, పెదవికి గ్రీజు రాయాలి, లేకపోతే మర అంచే కొత్త సీల్‌ని కోసేస్తుంది. పిస్టన్ తల మీది బాణం ఎగ్జాస్ట్ వైపు.

ఈ రకానికి గాస్కెట్ ఉండదు, పెట్రోలుకి తట్టుకునే సీలెంటే. పాతది గోకేటప్పుడు ఉలి వాడకూడదు, చెక్క ముక్కతో గీకి థిన్నర్‌తో తుడవాలి. పలచగా ఒక్క పొర వేసి, బోల్టులు ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించి, రాత్రంతా వదిలేశాను. తెల్లారి టంకం తీగ ప్లగ్ రంధ్రంలోంచి పెట్టి క్రాంకు తిప్పితే, పిస్టన్‌కీ సిలిండర్ తలకీ మధ్య నలిగిన మందం 0.7 మిల్లీమీటర్లు. సరిపోయింది, 0.5 కంటే తగ్గితే తగులుతుందని భయపడాలి.

వాక్యూమ్: 0.5 నుంచి ఇరవై సెకన్లలో 0.46. పాస్.

కార్బొరేటర్‌లో కొత్త డయాఫ్రమ్‌లు, పెట్రోలు పాళ్లు సరిచేసే రెండు స్క్రూలూ పూర్తిగా లోపలికి తేలిగ్గా తిప్పి ఒక్కో చుట్టు బయటికి. కాయిల్‌కీ ఫ్లైవీల్‌కీ మధ్య విజిటింగ్ కార్డు పెట్టి బిగించాను.

సీళ్లు ₹340, బేరింగులు ₹620, సీలెంట్ ₹380, లేత్ ₹150, డయాఫ్రమ్ కిట్టు ₹420, పెట్రోలు పైపు, ఫిల్టరు ₹280, వణుకు ఆపే రబ్బరు ఒకటి ₹260, చైన్ తెగితే పట్టే కొక్కెం ₹60.
విడిభాగాల మొత్తం: ₹5,830.

దశ 7: స్టార్టయింది, జబ్బు పూర్తిగా పోలేదు

చల్లగా వెంటనే అందుకుంది. స్లో కూడా నిలబడింది. కింద పెట్టినంతసేపు అంతా బాగుంది. పైకెత్తి, బార్‌ని దుంగకి ఆనించి, వెనక పిడిని కాస్త నొక్కగానే మళ్లీ తనంతట తాను రేస్. పిడి వదిలితే మామూలు.

టెస్టు పాసైంది, సీళ్లు కొత్తవి. మరి గాలి ఎక్కడిది? ఈ మెషిన్లలో పిడి, ట్యాంకు ఒక భాగం, ఇంజిన్ ఇంకో భాగం, రెండిటి మధ్యా వణుకు ఆపే రబ్బర్లు. కార్బొరేటర్ పిడి వైపు ఉంటుంది, సిలిండర్ ఇంజిన్ వైపు. ఈ రెండింటినీ కలిపేది ఒక రబ్బరు ఇన్‌టేక్ గొట్టం. పిడి నొక్కిన ప్రతిసారీ అది వంగుతుంది. తీసి బొటనవేళ్లతో వెనక్కి మడిస్తే మడత లోపల వెంట్రుకంత పగులు నోరు తెరిచింది. వదిలితే మూసుకుపోయింది. ఇన్‌టేక్ రంధ్రాన్ని నేరుగా మూసి చేసే టెస్టు, లేదా గొట్టం వంచకుండా చేసే టెస్టు దీన్ని పట్టుకోలేదు.

అందుకని దశ 2 కి ఒక మెట్టు కలపండి: గొట్టాన్ని కూడా కలిపి కార్బొరేటర్ చివర మూసి, వాక్యూమ్ పెట్టి, పిడిని నాలుగు వైపులా నొక్కుతూ ముల్లు చూడాలి.

కొత్త గొట్టం ₹310. విడిభాగాల మొత్తం: ₹6,140.

దశ 8: కోత

లీటరు పెట్రోలుకి 20 మిల్లీలీటర్ల మంచి 2టీ ఆయిల్, అంటే 50:1. కంటితో పోయడం మాన్పించి కొలత గ్లాసు ట్యాంకుకి కట్టాం. ఆర్‌పీఎమ్ మీటరు ₹450 (పనిముట్లు ₹1,980). కంపెనీ పరిమితి 14,000. కార్బొరేటర్‌లో ఫుల్ రేస్‌కి పెట్రోలు సరిచేసే స్క్రూని ఇంకో పావు చుట్టు బయటికి తిప్పి, ఖాళీగా రేస్ ఇస్తే 13,200 దగ్గర బరబరమనేలా ఉంచాను, కోతలో దిగగానే ఆ శబ్దం శుభ్రపడుతుంది. ఇ20కి ఈ కొంచెం ఎక్కువ పెట్రోలు అవసరం. స్లో 2,800.

చైన్ తిప్పే చక్రం పళ్లలో చైన్ తిన్న గాడి అర మిల్లీమీటరు దాటింది, క్లచ్ డ్రమ్ముతో సహా మార్చాను, ₹540. విడిభాగాల మొత్తం ₹6,680, హద్దుకి ₹4,840 తక్కువ.

పడిన కొబ్బరి మానులో ఇసుక ఇరుక్కుని ఉంటుంది, మా నేలంతా ఇసుకే. చైన్ ఒక్క కోతలో మొద్దుబారుతుంది. అప్పుడు తునకలకి బదులు పిండిలాంటి పొట్టు వస్తుంది, మనిషి బలం పెట్టి నొక్కుతాడు, ఇంజిన్ వేడెక్కుతుంది. అందుకే కోసే చోట గొడ్డలితో బెరడు చెక్కి, వైరు బ్రష్షుతో తోమాకే బార్ పెట్టమని చెప్పాను. పొట్టు సన్నబడగానే ఆపి 4.8 మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాయితో ప్రతి పన్నుకీ సమానంగా రుద్దాలి. బార్‌కి వాడేసిన ఇంజిన్ ఆయిల్ పోయడం కూడా ఆపాం, అందులో ఇనప పొడి ఉంటుంది, ఆయిల్ పంపుని అరగదీస్తుంది.

మొదటి ట్యాంకు తర్వాత కంప్రెషన్ 128. రింగులు కూర్చున్నాక, చల్లగా 146. వేడి మీద ఆపి పది నిమిషాలకి లాగితే రెండో లాగుకి అందుకుంటోంది. సైలెన్సర్ తీసి మళ్లీ టార్చి వేశాను: ఎగ్జాస్ట్ వైపు పిస్టన్ మీద తయారీ గీతలు అడ్డంగా స్పష్టంగా ఉన్నాయి, నిలువు గీత ఒక్కటీ లేదు. వణుకు ఆపే రబ్బర్లలో మిగతావి పాతవే, వాటి అంచులు పొడిబారుతున్నాయి, తర్వాత మార్చేవి అవే. ఒక్కోటి ₹260.